సంక్రాంతి బట్టల డబ్బుతో వంటింటికి సెలవు

సంక్రాంతికి అందరికీ చీరలు, చొక్కాలు తీయడం, అవి మడత విప్పకుండా బీరువాలో ఉండిపోవడం మా కోనసీమలో చాలా ఇళ్లలో ఉన్నదే. పైగా పండగ మూడు రోజులూ ఆడవాళ్లకు పొయ్యి దగ్గరే సరిపోతుంది.

ఇప్పుడు మేం పిల్లలకూ, పెద్దవాళ్లకూ మాత్రమే బట్టలు తీస్తున్నాం. మిగతావాళ్లం తలా 700 రూపాయలు ఒకరి దగ్గర జమ చేస్తాం. ఈ మాట నెలగంట పెట్టినప్పుడే, అంటే ధనుర్మాసం మొదలైనప్పుడే అనేసుకోవాలి, షాపింగ్ మొదలయ్యాక ఎవరూ వినరు. ఆ డబ్బుతో కనుమ భోజనం ఊళ్లో వంటలు చేసే ఆవిడకు వారం ముందే చెప్పేస్తాం: కోడికూర, మనిషికి నాలుగు మినపగారెలు, అన్నం, పెరుగు. విస్తరాకుల్లో వడ్డిస్తే అంట్ల పని కూడా ఉండదు.

కనుమ నాడు కాకైనా కదలదంటారు కదా, ప్రయాణాలు పెట్టుకోవద్దు. తినగానే వసారాలో చాపలు పరిచి, అమ్మనీ అత్తయ్యనీ వదిననీ ముందు పడుకోనివ్వాలి. ఆ రెండు గంటలూ పిల్లలు మగవాళ్ల పూచీ, టీ పెట్టడం కూడా. అత్తయ్య పండగ పూట మధ్యాహ్నం గాఢంగా నిద్రపోవడం ఇంట్లో అందరికీ కొత్తగా, ఎంతో హాయిగా అనిపించింది. సాయంత్రం దగ్గర్లో ప్రభల తీర్థం (వెదురుతో కట్టి అలంకరించిన ప్రభలను ఊరేగించే జాతర) ఉంటే చూసి రావచ్చు. డబ్బు మిగిలితే ముక్కనుమకి ఆటో మాట్లాడుకుని అంతర్వేది వెళ్లి, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట పొద్దుపోయేదాకా కూర్చోండి.

కొత్త అల్లుడు మొదటి పండక్కి వచ్చే ఏడు మాత్రం ఇది పూర్తిగా కుదరదు. అతనికీ అమ్మాయికీ బట్టలు పెట్టకపోతే మాట వస్తుంది, ఆ ఖర్చు విడిగా చూసుకోండి.