'ఎన్ను నింటె మొయిదీన్' చూడబోతున్నారా? ఇలా చూడండి

వీలైతే వానాకాలంలో చూడండి. కైలాసగిరి మీద మబ్బు దిగి వైజాగ్ అంతా తడిసిన రోజు చూసుకుంటే మరీ మంచిది, ఎందుకంటే 2015లో ఆర్.ఎస్. విమల్ తీసిన ఈ మలయాళ సినిమాలో వాన, ఏరు లేకుండా కథే లేదు. గాలివానకి కరెంటు పోయే ఏరియా అయితే ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. నిడివి రెండున్నర గంటల పైనే, రాత్రి పదకొండింటికి మొదలుపెట్టి సగంలో ఆపేయొద్దు.

ఇది కోజికోడ్ జిల్లా ముక్కంలో నిజంగా జరిగిన కథ. పలుకుబడి ఉన్న ముస్లిం కుటుంబంలో అబ్బాయి మొయిదీన్, హిందూ కుటుంబంలో అమ్మాయి కాంచనమాల. ప్రేమ సంగతి బయటపడగానే ఆమెని ఏళ్ల తరబడి గడప దాటనివ్వలేదు. అతన్ని కన్నతండ్రే కత్తితో పొడిచాడు. 1982లో ఇరువళింజి ఏట్లో పడవ మునిగితే, తోటివాళ్లని కాపాడుతూ మొయిదీన్ చనిపోయాడు. ముగింపు చెప్పేశానని కోప్పడకండి, ఇది సస్పెన్స్ కోసం చూసే సినిమా కాదు. అంతకాలం వాళ్లు ఎలా ఎదురుచూశారు, ఎవరికీ అర్థం కాకుండా తామే తయారుచేసుకున్న లిపిలో ఉత్తరాలు ఎలా రాసుకున్నారు, అదీ చూడాల్సింది.

'సలార్'లో వరదరాజ మన్నార్‌గా చూసిన పృథ్వీరాజే మొయిదీన్. ఎంట్రీలూ ఆవేశం అన్నీ ఆయనవే, కానీ మీ కళ్లు కాంచనమాలగా చేసిన పార్వతి మీదే ఉంచండి. మూసిన తలుపు వెనక ఆమె వయసు గడిచిపోవడమే ఈ సినిమా అసలు బరువు. పాటలు కూడా దాటేయకండి. 'కాతిరున్ను కాతిరున్ను' పాటకి సంగీత దర్శకుడు ఎం. జయచంద్రన్‌కి జాతీయ అవార్డు వచ్చింది.

ఇంట్లో అందరితో కలిసి చూస్తే "రిజిస్టర్ మ్యారేజ్ చేసుకోవచ్చు కదా" అని ఎవరో ఒకరు కచ్చితంగా అంటారు. వేరువేరు మతాలవాళ్లు పెళ్లి చేసుకునే ప్రత్యేక వివాహ చట్టం 1954 నుంచీ ఉంది, నిజమే. కానీ ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఆఫీసుకి వెళ్లి నిలబడాలి, గది దాటనివ్వని అమ్మాయి ఎలా వెళ్తుంది? ఆ మాట వచ్చినప్పుడు సినిమా ఆపి మాట్లాడుకున్నా ఫర్వాలేదు. ఊరు చూడటానికి వచ్చిన చుట్టాలకి పోర్టు దగ్గర మూడు కొండలు చూపించి, ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఇంకోదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి అని ఎంత సంబరంగా చెప్పుకుంటామో కదా, అదే మన పిల్ల వేరే మతం అబ్బాయి పేరు చెబితే ఆ సంబరం ఎంతసేపు నిలుస్తుంది? నాకైతే ఈ సినిమా మన ఇళ్లలో చూడాల్సిందే అనిపించేది అందుకే.

సబ్‌టైటిల్స్ చదవలేని అమ్మ, అమ్మమ్మ పక్కనుంటే ముందే కథ చెప్పేయండి, మధ్యమధ్యలో మాట అందించండి. మొయిదీన్ తల్లి పాత్రలో లేనా వచ్చే సీన్లు మాత్రం చెప్పకపోయినా వాళ్లకి అర్థమవుతాయి.

అయిపోయాక అసలు కాంచనమాల గురించి వెతకండి. మొయిదీన్ పోయాక అతని తల్లే ఆమెని కోడలిగా ఇంటికి తీసుకెళ్లింది, ఆ తర్వాత కాంచనమాల అతని పేరు మీద బి.పి. మొయిదీన్ సేవా మందిర్ అనే సేవా సంస్థ నడిపారు. ఇంటర్వ్యూలు మలయాళంలో దొరుకుతాయి. మన ఊళ్లో నేవీలో పనిచేసే మలయాళీ కుటుంబాలు బోలెడు, తెలిసినవాళ్లుంటే పక్కన కూర్చోబెట్టుకుని వినండి.