క్యూబ్ రెండు నిమిషాల దగ్గరే ఆగిపోతే: సమస్య - పరిష్కారం

రూబిక్స్ క్యూబ్‌ను ఎవరి సాయమూ లేకుండా పూర్తిచేయడం వచ్చిన కొత్తలో సమయం దానంతట అదే తగ్గుతూ పోతుంది. తరువాత రెండు నిమిషాల దగ్గరో, నిమిషంన్నర దగ్గరో ఆగిపోతుంది. రోజూ గంటలకొద్దీ తిప్పినా అక్కడి నుంచి కదలదు. ఆ దశలో ఉన్నవారి కోసం రాసినది ఇది. మొదట తెల్ల ప్లస్, తరువాత తెల్ల మూలలు, మధ్య పొర, చివరికి పసుపు పొర అనే క్రమంలో క్యూబ్‌ను పూర్తిచేసేవారినే ఇక్కడ దృష్టిలో పెట్టుకున్నాను. సూత్రాలకు, అంటే గుర్తుపెట్టుకుని వేసే తిప్పుల వరుసలకు, వాడుకలో ఉన్న అక్షరాలనే వాడుతున్నాను: ఆర్ అంటే కుడి వైపు, ఎల్ అంటే ఎడమ వైపు, యూ అంటే పై పొర, డీ అంటే అడుగు పొర, ఎఫ్ అంటే ముందు వైపు. అక్షరం ఒక్కటే ఉంటే, ఆ వైపును ఎదురుగా పెట్టుకుని చూసినప్పుడు గడియారం ముల్లు తిరిగే దిశలో పావు చుట్టు తిప్పాలి. పక్కన ప్రైమ్ అని ఉంటే దానికి వ్యతిరేక దిశలో తిప్పాలి.

సమస్య: వేళ్లు వేగంగానే కదులుతున్నాయి, సమయం మాత్రం తగ్గడం లేదు

చాలామంది విషయంలో అసలు జబ్బు ఇదే. కింద చెప్పే సమస్యల్లో సగం దీని శాఖలే. చిన్న లెక్క వేసి చూడండి. పొరలవారీ పద్ధతిలో ఒక క్యూబ్ పూర్తికావడానికి సుమారు నూట ఇరవై తిప్పులు పడతాయనుకుందాం. సెకనుకు రెండు తిప్పులంటే ఏమంత వేగం కాదు, కొత్తవారు కూడా తిప్పగలరు. ఆ లెక్కన అరవై సెకన్లలో క్యూబ్ పూర్తికావాలి. మీకు రెండు నిమిషాలు పడుతోందంటే, మిగిలిన నిమిషమంతా క్యూబ్ మీ చేతిలో కదలకుండా ఉందన్నమాట. అంటే సమయం పోతున్నది తిప్పడంలో కాదు, తరువాతి ముక్క ఎక్కడుందో వెతకడంలో. ఇది తెలియక వేళ్ల వేగం పెంచేవారికి ఆగే చోట్లు ఇంకా పెరుగుతాయి, ఎందుకంటే చేయి వేగంగా తిరుగుతున్నప్పుడు కన్ను మిగతా ముక్కలను గమనించలేదు.

దీన్ని ఊహతో కాక కళ్లారా చూసి నిర్ధారించుకోవాలి. ఫోన్‌ను టేబుల్ మీద గ్లాసుకు ఆనించి, చేతులు కనిపించేలా పెట్టి, క్యూబ్‌ను మొదటి నుంచి చివరిదాకా ఒకసారి పూర్తిచేయడాన్ని వీడియో తీయండి. తరువాత దాన్ని చూస్తూ క్యూబ్ నిశ్చలంగా ఉన్న ప్రతిచోటా ఎంతసేపు ఆగిందో, ఏ దశలో ఆగిందో కాగితం మీద రాసుకోండి. కొందరికి తెల్ల ప్లస్ మధ్యలో, కొందరికి మధ్య పొర ముక్కల కోసం, మరికొందరికి పసుపు పొర రాగానే ఏ సూత్రం వాడాలో తేల్చుకోవడంలో పెద్ద విరామాలు కనిపిస్తాయి. మీ కాగితం మీద అన్నిటికన్నా పెద్ద అంకె ఎక్కడుంటే మీ సాధన అక్కడి నుంచి మొదలుకావాలి.

దీనికి మందు, వినడానికి వింతగా ఉన్నా, నెమ్మదిగా తిప్పడమే. ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్ పెట్టుకుని నిమిషానికి అరవై చప్పుళ్లకు అమర్చి, ఒక్కో చప్పుడుకు ఒక్క తిప్పు చొప్పున, ఎక్కడా ఆగకుండా క్యూబ్ పూర్తిచేయడానికి ప్రయత్నించండి. ఒక ముక్కను లోపల పెడుతున్నప్పుడు దాని వైపు చూడనవసరం లేదు, ఆ పని చేతులకు తెలుసు. కన్ను అప్పటికే పై పొరలో తరువాతి ముక్కను వెతుకుతూ ఉండాలి. మొదట్లో ఇది సాధ్యం కాదనే అనిపిస్తుంది. ఆగకుండా వెళ్లగలిగిన తరువాతే చప్పుళ్ల వేగం కొద్దికొద్దిగా పెంచాలి. ఈ సాధనకు టైమర్ అక్కరలేదు కాబట్టి మియాపూర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగేలోపు కూడా చేసుకోవచ్చు. సీటు దొరికితే చాలు.

సమస్య: తెల్ల ప్లస్‌కే ముప్పై సెకన్లు పోతున్నాయి

కారణాలు రెండు. మొదటిది, తెలుపును పైన పెట్టుకుని ప్లస్ కట్టి, తరువాత క్యూబ్‌ను తలకిందులు చేయడం, లేదా పసుపు మధ్యముక్క చుట్టూ తెల్ల అంచులను పూరేకుల్లా పేర్చి, ఒక్కొక్కటిగా కిందికి దించడం. నేర్చుకునేటప్పుడు ఇవి మంచి పద్ధతులే గాని, ప్రతి ముక్కనూ రెండుసార్లు కదిలించాల్సి వస్తుంది. రెండోది, ముందుగా ఏమీ చూసుకోకుండానే తిప్పడం మొదలుపెట్టడం.

తెలుపును మొదటి నుంచీ అడుగునే ఉంచండి. ఆకుపచ్చ వైపు మీకు ఎదురుగా, తెలుపు అడుగున ఉన్నప్పుడు కుడివైపు నారింజ, ఎడమవైపు ఎరుపు, వెనుక నీలం వస్తాయి. ఇప్పుడు అమ్ముతున్న క్యూబులలో చాలావాటికి ఈ అమరికే ఉంటుంది, అయినా మీ క్యూబ్‌పై ఒకసారి సరిచూసుకోండి. ఈ వరుస నోటికి వస్తే, ప్రతి అంచునూ దాని మధ్యముక్కతో సరిపోల్చుకోవాల్సిన అవసరం ఉండదు. ఒక ముక్కను ఎక్కడో ఒకచోట పెట్టి, మిగిలిన మూడింటినీ దానికి అనుగుణంగా అమర్చి, చివర్లో అడుగు పొరను ఒక్కసారి తిప్పితే నాలుగూ తమ స్థానాల్లోకి వస్తాయి.

పోటీల్లో మొదలుపెట్టే ముందు క్యూబ్‌ను పరిశీలించడానికి 15 సెకన్లు ఇస్తారు. ఇంట్లో కూడా ఆ 15 సెకన్లు వాడుకోండి. క్యూబ్ ఎలా చెదిరి ఉన్నా, తెల్ల ప్లస్‌ను ఎనిమిది తిప్పుల్లోపే పూర్తిచేసే దారి ఒకటి తప్పకుండా ఉంటుంది. కొత్తవారు ఆ దారినే పట్టుకోవాలని నేననను. మొదట రెండు ముక్కలు ఎటు వెళ్లాలో చూసుకుని, కళ్లు మూసుకుని వాటిని పెట్టగలిగితే, మూడోదాన్ని కలుపుకోవడం కష్టం కాదు.

సమస్య: తెల్ల మూలలు పెట్టేటప్పుడు ఒకే సూత్రం పదేపదే తిప్పాల్సి వస్తోంది

తిప్పుల సంఖ్యను ఒక్కరోజులో తగ్గించగలిగేది ఈ ఒక్క దశలోనే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మూలను దాని గూటికి సరిగ్గా పైన, అంటే ముందు కుడి మూలలో పెట్టుకుని, అది సరిగ్గా దిగేదాకా ఆర్, యూ, ఆర్ ప్రైమ్, యూ ప్రైమ్ అని తిప్పుతూ ఉండమని మొదట అందరికీ నేర్పుతారు. తెలుపు కుడివైపు చూస్తున్నప్పుడు ఒక్కసారి, పైకి చూస్తున్నప్పుడు మూడుసార్లు, ముందువైపు చూస్తున్నప్పుడు ఐదుసార్లు తిప్పాలి. ఐదుసార్లంటే ఇరవై తిప్పులు.

ఈ నాలుగు తిప్పుల సూత్రాన్ని వరుసగా ఆరుసార్లు చేస్తే క్యూబ్ ఎక్కడ మొదలైందో అక్కడికే వస్తుంది. చేతిలో క్యూబ్ ఉంటే ఇప్పుడే చేసి చూడండి. ఆరుసార్లకు మొదటికి వస్తుందంటే, ఐదుసార్లు ముందుకు వెళ్లడమూ ఒక్కసారి వెనక్కి వెళ్లడమూ ఒకటే. కాబట్టి తెలుపు ముందువైపు ఉన్నప్పుడు ఆ ఇరవై తిప్పులకు బదులు సూత్రాన్ని తిరగేసి యూ, ఆర్, యూ ప్రైమ్, ఆర్ ప్రైమ్ అని నాలుగు తిప్పితే సరిపోతుంది. తెలుపు పైకి ఉన్నప్పుడు పన్నెండు తిప్పులకు బదులు ఏడు చాలు: ఆర్, యూ రెండుసార్లు (దీన్ని ఒకే తిప్పుగా లెక్కిస్తాం), ఆర్ ప్రైమ్, యూ ప్రైమ్, ఆర్, యూ, ఆర్ ప్రైమ్. దీన్ని బట్టీ పట్టడం కన్నా, మొదటి నాలుగు తిప్పుల్లో తెలుపు పక్కకు తిరగడం, చివరి మూడింటిలో మూల గూట్లోకి దిగడం రెండు మూడుసార్లు నిదానంగా చూస్తే మళ్లీ మరిచిపోరు.

సమస్య: మధ్య పొర సూత్రం సగంలో మరిచిపోయి, మొదటి పొర కూడా చెడిపోతోంది

సూత్రం చేతికి వచ్చిందే గాని బుర్రకు ఎక్కలేదు. ఎవరో పిలిచినా, వేలు జారినా వరుస తెగుతుంది; ఎక్కడ తెగిందో తెలియదు కాబట్టి క్యూబ్‌ను మళ్లీ మొదటి నుంచి కట్టుకురావాల్సి వస్తుంది. ముక్కను కుడివైపు దించే సూత్రాన్ని రెండు సగాలుగా చూడండి: యూ, ఆర్, యూ ప్రైమ్, ఆర్ ప్రైమ్ ఒక సగం, యూ ప్రైమ్, ఎఫ్ ప్రైమ్, యూ, ఎఫ్ రెండో సగం. మొదటి సగం, అడుగున సరిగ్గానే కూర్చున్న మూలను పైకి తీసి, మీరు పెట్టదలచిన అంచు ముక్క పక్కన చేరుస్తుంది; రెండో సగం ఆ జంటను కలిపి గూట్లో పెడుతుంది. మొదటి సగం కాగానే ఆగి చూస్తే మూల, అంచు పక్కపక్కనే రంగులు కలిసి కనిపిస్తాయి. ఆ దృశ్యం గుర్తుంటే సగంలో ఆగినా అక్కడి నుంచే అందుకోవచ్చు. ఎడమవైపు సూత్రం దీనికి అద్దంలో ప్రతిబింబం.

పై పొరను చేయంతా ఎత్తి తిప్పేవారు కూడా తరచుగా ఇక్కడే తడబడతారు. యూ తిప్పడానికి కుడి చూపుడువేలు, యూ ప్రైమ్‌కు ఎడమ చూపుడువేలు, వెనుక నుంచి మనవైపు లాగితే చాలు. ఆర్ తిప్పడానికి మాత్రం మణికట్టు వాడాలి.

సమస్య: చివరి పసుపు మూలలు తిప్పుతుండగా క్యూబ్ అంతా చెడిపోతోంది

ఆర్ ప్రైమ్, డీ ప్రైమ్, ఆర్, డీ అని తిప్పుతున్నప్పుడు కింది పొరలు చెదిరినట్టు కనిపించడం సహజమే, చివరి మూల సరికాగానే అవి కుదురుకుంటాయి. చెడిపోయేది రెండు పొరపాట్ల వల్ల: పసుపు పైకి రాగానే చివరి డీ తిప్పకుండా వదిలేయడం, తరువాతి మూల కోసం పై పొరను మాత్రమే తిప్పాల్సిందిపోయి క్యూబ్ మొత్తాన్ని తిప్పడం. నాలుగు తిప్పులూ పూర్తయ్యాకే పై పొరను కదపాలి.

సమస్య: ఎంత చేసినా పూర్తికావడం లేదు

సూత్రాలు సరిగ్గా వేసినా పూర్తికాకపోతే తప్పు మీది కాకపోవచ్చు. మొదటి రెండు పొరలు పూర్తయ్యాక పసుపు అంచుల్లో పైకి చూసేవి సున్నా, రెండు, నాలుగు మాత్రమే ఉండాలి. ఒకటో మూడో కనిపిస్తే ఏదో ఒక అంచు ముక్క ఊడిపోయినప్పుడు తిరగబెట్టి బిగించారన్నమాట. అన్నీ కుదిరి ఒక్క మూల మాత్రమే ఉన్నచోటే మెలితిరిగి ఉంటే, క్యూబ్ కింద పడినప్పుడో గట్టిగా తిప్పినప్పుడో ఆ మూల తిరిగిపోయింది. దాన్ని వేళ్లతో పట్టుకుని తిప్పితే సరిపోతుంది. ఇంట్లో పిల్లలు ముక్కలన్నీ ఊడదీసి తోచినట్టు బిగించిన క్యూబ్ పరిష్కరించగలిగే స్థితిలో ఉండే అవకాశం పన్నెండింట ఒకటే. అటువంటిదాన్ని మళ్లీ విప్పి, రంగులు సరిగ్గా పేర్చి బిగించుకోవడమే మార్గం.

సమస్య: సాయంత్రం పూట ఎరుపు, నారింజ ఒకేలా కనిపిస్తున్నాయి

గదిలో పసుపు కాంతి బల్బు ఉంటే తెలుపూ పసుపూ కూడా దగ్గరగానే కనిపిస్తాయి. తెల్లని కాంతి ఇచ్చే దీపం కింద కూర్చోండి, దీపం మీ వెనుక కాకుండా పక్కన ఉండేలా చూసుకోండి. అంటించిన స్టిక్కర్లు వెలిసిపోయి ఉంటే, ప్లాస్టిక్‌కే రంగు ఉండే క్యూబ్ తీసుకోవడం మంచిది.

సమస్య: క్యూబ్ పట్టేస్తోంది, లేదా మరీ వదులుగా జారిపోతోంది

బేగంబజార్ బొమ్మల దుకాణాల్లోనో, వీధి చివర స్టేషనరీ షాపులోనో కొన్న చవక క్యూబ్‌తో నేర్చుకోవడంలో తప్పులేదు. అయితే దాని పొర కొద్దిగా వంకరగా ఉన్నా పక్క పొర తిరగదు. అయస్కాంతాలున్న స్పీడ్ క్యూబులు ఇప్పుడు వెయ్యి రూపాయల లోపే దొరుకుతున్నాయి. వాటిలో పొర దానంతట అదే సరైన స్థానానికి వచ్చి నిలుస్తుంది. మధ్యముక్కల మూతల కింద ఉండే స్క్రూలను గడియారం దిశలో తిప్పితే బిగుస్తాయి. ఆరింటినీ సమానంగా, పావు చుట్టు చొప్పున మాత్రమే సవరించాలి. లోపల సిలికాన్ లూబ్రికెంట్ రెండు చుక్కలు చాలు. కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె పోయవద్దు. మొదటిది జిడ్డుగా పేరుకుంటుంది, పెట్రోలియం నూనెలు కొన్ని రకాల ప్లాస్టిక్‌ను పాడుచేస్తాయి. మన మే నెల ఎండల్లో క్యూబ్ జారుతోందంటే ముందుగా అనుమానించాల్సింది అరచేతి చెమటను.

ఖరీదైన క్యూబ్ కొంటేనే వేగం వస్తుందని మాత్రం అనుకోవద్దు. 1982లో బుడాపెస్ట్‌లో జరిగిన మొదటి ప్రపంచ పోటీలో మిన్ థాయ్ 22.95 సెకన్లలో గెలిచింది అయస్కాంతాలు లేని ఆ కాలపు క్యూబ్‌తోనే.

సమస్య: నిమిషం లోపుకు వచ్చి మళ్లీ ఆగిపోయింది

ఇప్పుడు పద్ధతి మార్చవచ్చు, అంతకుముందు మాత్రం వద్దు. సీఎఫ్‌ఓపీ అనే పద్ధతిలో మూలనూ దాని అంచునూ జంటగా దించుతారు, పసుపు పొరను సూత్రాలతో వేగంగా ముగిస్తారు. చివరి పొరకు పూర్తి జాబితాలో పై ముఖమంతా పసుపు చేసే దశకు 57, ఆ ముక్కలను వాటి స్థానాల్లోకి చేర్చే దశకు 21, కలిపి 78 సూత్రాలు. ఒక్కో దశను రెండు మెట్లుగా విడగొడితే 16 చాలు. ముందు జంటలు కట్టడం నేర్చుకుని, తరువాత ఆ 16 నేర్చుకోండి. 78 సూత్రాల కాగితాన్ని మొదటి రోజే గోడకు అంటించుకునే ఉత్సాహవంతులు కొందరు ఉంటారు. వారిలో ఎక్కువమంది తెల్ల ప్లస్ దగ్గర ఇంకా పది సెకన్లు వెతుకుతూనే ఉంటారు.

సమస్య: ఇంట్లో నలభై సెకన్లు, పోటీలో అరవై

వరల్డ్ క్యూబ్ అసోసియేషన్ గుర్తింపు ఉన్న పోటీల్లో ఐదు ప్రయత్నాల్లో అన్నిటికన్నా మంచిదీ అన్నిటికన్నా చెడ్డదీ తీసేసి, మిగిలిన మూడింటి సగటు లెక్కిస్తారు. ఇంట్లో మీరు గుర్తుపెట్టుకునేది మీ ఉత్తమ సమయాన్ని, అక్కడ రాసేది సగటును. తేడాలో కొంత భాగం ఇక్కడే ఉంది. సీఎస్‌టైమర్ వంటి ఉచిత టైమర్ ఇచ్చే తిప్పుల వరుస ప్రకారమే క్యూబ్‌ను ముందుగా చెదరగొట్టండి, ఐదింటి సగటునే రాసుకోండి. రెండు అరచేతులూ టేబుల్ మీద ఆనించి మొదలుపెట్టడం, క్యూబ్ కింద పెట్టి మళ్లీ రెండు చేతులతో టైమర్ ఆపడం కూడా ఇంట్లోనే అలవాటు చేసుకోండి. పరిశీలన సమయంలో జడ్జి 8 సెకన్ల దగ్గర, 12 సెకన్ల దగ్గర హెచ్చరిస్తారు. 15 దాటితే 2 సెకన్లు అదనంగా కలుపుతారు, 17 దాటితే ఆ ప్రయత్నం చెల్లదు. చివరి పొర 45 డిగ్రీలకు మించి వంకరగా ఉండగానే టైమర్ ఆపినా అదే 2 సెకన్ల జరిమానా పడుతుంది.