ఆగస్టులో అమెరికా వెళ్లే విద్యార్థులకు మద్యం జాగ్రత్తలు

సూట్‌కేసులో ఊరగాయలు, ప్రెషర్ కుక్కర్ సర్దే ఇంట్లో మద్యం మాట ఎవరూ ఎత్తరు. ‘మా వాడికి అలవాటు లేదు’ అన్న ధీమా ఒకటి. అలవాటు లేనివాడికే అక్కడ ముప్పు ఎక్కువ. కళాశాలలో చేరిన మొదటి ఆరు వారాలు ప్రమాదకాలమని అమెరికా ఆరోగ్య సంస్థలే హెచ్చరిస్తాయి. ఫుట్‌బాల్ సీజను కూడా అప్పుడే. శనివారం మ్యాచ్ ఉంటే పొద్దున్నుంచే స్టేడియం పార్కింగులో సీసాలు తెరుస్తారు.

1984 నాటి చట్టం పుణ్యమా అని 21 ఏళ్లు నిండనివారికి ఏ రాష్ట్రంలోనూ మద్యం అమ్మకూడదు. అయినా తాగుడు ఆగలేదు. చాటుకు, ఫ్రటర్నిటీ (విద్యార్థి సంఘాల) ఇళ్లకూ అద్దె ఇళ్లకూ మారింది. అక్కడ ఎవరైనా పడిపోతే చుట్టూ ఉన్నవాళ్లు తామూ దొరికిపోతామన్న భయంతో ముందు తమ సంగతి చూసుకుంటారు. నా దృష్టిలో సాయం పిలవడానికి అసలు అడ్డంకి ఈ భయమే. 2017 ఫిబ్రవరిలో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఓ ఫ్రటర్నిటీ ఇంట్లో బాగా తాగించిన 19 ఏళ్ల విద్యార్థి మెట్ల మీంచి పడ్డాడు. ఇంటి నిండా జనం ఉన్నా అక్కడి అత్యవసర నంబరు 911కు ఫోన్ వెళ్లింది మర్నాడు ఉదయమే. అతను బతకలేదు.

మన పిల్లలకు వీసా, ఆంబులెన్స్ బిల్లు, ఇంట్లో తెలుస్తుందన్న సిగ్గు అదనం. సాయం కోసం ఫోన్ చేసినవారిని మద్యం నేరం కింద శిక్షించకూడదన్న నిబంధన చాలా రాష్ట్రాల్లో, విశ్వవిద్యాలయాల్లో ఉంది. షరతులు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి మీ విశ్వవిద్యాలయం నియమాన్ని రూమ్మేట్లంతా కలిసి ముందే చదవండి. తల్లిదండ్రులు చెప్పవలసిన మాట ఒకటుంది: ‘ఏ అర్ధరాత్రైనా ముందు 911, తర్వాత మాకు. తిట్లు ఆ తర్వాత చూసుకుందాం.’

తాగిన మనిషి ఎంత లేపినా లేవకపోయినా, నిద్రలో వాంతి చేసుకున్నా, శ్వాసకూ శ్వాసకూ మధ్య పది సెకన్లు దాటినా, పెదవులు నీలంగా మారినా ఇక ఆలోచించకండి, 911కు ఫోన్ చేయండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, ఒంటరిగా వదలకండి. కాఫీ, చన్నీళ్ల స్నానం పనిచేయవు. ‘పడుకుంటే దిగిపోతుంది’ అన్నది వీటన్నిటికన్నా చెడ్డ సలహా. తాగడం ఆపాక కూడా రక్తంలో మద్యం పెరుగుతూనే ఉంటుంది.

అక్కడి లెక్కలో ఒక ‘డ్రింకు’ అంటే 14 గ్రాముల ఆల్కహాలు, అంటే 40 శాతం మద్యమైతే సుమారు 44 మిల్లీలీటర్లు. పార్టీలో తొట్టెలో కలిపిన పంచ్‌కు (పళ్లరసం, మద్యం కలిపిన పానీయానికి) ఈ లెక్క వర్తించదు. ఎవరు ఎంత పోశారో తెలియదు కనుక దాన్ని ముట్టుకోకండి.

తాగి కారు నడిపి అరెస్టయితే, నేరం రుజువు కాకముందే వీసా రద్దు చేయవచ్చు. క్యాబ్ ఖర్చుకు వెనకాడకండి.

అపార్టుమెంటు చిరునామా, యూనిట్ నంబరుతో సహా, ఫ్రిజ్ మీద అతికించండి. 911లో మొదట అడిగేది అదే.