పాడుతూ వాయించేవాళ్లకు అరేంజర్ కీబోర్డ్: ఏం చూసి ఎంచుకోవాలి

అరేంజర్ కీబోర్డ్ అంటే ఎడమచేత్తో కార్డ్ (కలిపి నొక్కే స్వరాలు) పట్టుకుంటే డ్రమ్స్, బేస్ లాంటి వెనక వాద్యాలను తానే వాయించేది. నేను ముందు గాయనిని, ఆ తర్వాతే వాయించేదాన్ని. వేదిక మీద కళ్లు వినేవాళ్ల మీద, ధ్యాస సాహిత్యం మీద ఉంటాయి. చేతులకు మిగిలేది అరకొర శ్రద్ధే. అందుకే ఎన్ని వాయిస్‌లు (వాద్యాల ధ్వనులు) ఉన్నాయి, ఎన్ని స్టైల్స్ (వెనక వాద్యాల నమూనాలు) ఉన్నాయనే లెక్క నాకు చివరి సంగతి. స్క్రీన్ చూడకుండా పల్లవి నుంచి చరణంలోకి వెళ్లగలనా? కీబోర్డ్ ముందు నిలబడగానే తేల్చుకునేది అదే.

కొనే ముందు డెమో విని మురిసిపోకండి. డెమోలో పాడేవాళ్లుండరు కదా, అది బాగానే ఉంటుంది. నోటికి బాగా వచ్చిన పాట ఒకటి ఎత్తుకుని, నిలబడి పాడుతూ వాయించి చూడండి. స్టైల్‌ను ఒక భాగం నుంచి ఇంకోదానికి నడిపించే ఫిల్, మెయిన్ బి, బ్రేక్, ఎండింగ్ బటన్లు తడుముకోకుండా దొరుకుతున్నాయా? లైట్లు తగ్గినా కనబడతాయా? ఆ తర్వాత స్టైల్‌లోని భాగాలను ఒక్కొక్కటే ఆపేయండి. డ్రమ్స్, బేస్, ఒక గిటారో పియానోనో ఉంచి పాడండి. చాలా స్టైల్స్‌లో వెనకాల స్ట్రింగ్సూ బ్రాసూ ఊరికే గొంతుకు అడ్డం పడుతుంటాయి. వాటిని ఎంత సులువుగా తీసేయగలమన్నది నా దృష్టిలో కొత్త స్టైల్స్ వంద ఉండటం కన్నా ముఖ్యం.

ఇక పాటకో మెమరీ. స్టైల్, టెంపో, వాయిస్, ట్రాన్స్‌పోజ్ (శ్రుతి మార్పు) అన్నీ ఒక్క నొక్కుతో రావాలి. యమహాలో ఈ పని రిజిస్ట్రేషన్ మెమరీ చేస్తుంది, కోర్గ్‌లో సాంగ్‌బుక్. శ్రోతలెవరో అడిగిన పాటను పేరుతో వెతికి, మాటల మధ్యలోనే తెరవగలగాలి. ట్రాన్స్‌పోజ్ కూడా ఇందులోనే దాచుకోండి. మగ గొంతుకు రెండు శ్రుతిలో ఉన్న పాటను నేను ఐదున్నరలో పాడుకుంటే, వేళ్లు మాత్రం అలవాటైన కార్డ్స్ మీదే ఉంటాయి. కాకపోతే పక్కన వయొలినో ఫ్లూటో వచ్చి చేరినప్పుడు వాళ్లకు చెప్పాల్సింది వినబడే శ్రుతి, మన వేళ్లున్న శ్రుతి కాదు. మెమరీ పేరు పక్కనే దాన్ని రాసి పెట్టుకుంటే గొడవుండదు.

మైకు దగ్గర అందరూ తడబడతారు. మైకు ఇన్‌పుట్ ఉన్నంత మాత్రాన వోకల్ హార్మనీ (మీ గొంతుకు వంతపాట కలిపే సదుపాయం) ఉన్నట్టు కాదు. యమహా పీఎస్‌ఆర్-ఎస్‌ఎక్స్900లో హార్మనీ ఉంది, ఎస్‌ఎక్స్700లో మైకు ఇన్‌పుట్, ఎఫెక్ట్స్ మాత్రమే. కోర్గ్ పీఏ1000లో టీసీ-హెలికాన్ కంపెనీ హార్మనీ వస్తుంది. హార్మనీని మీ కార్డ్‌తో నడిపిస్తే ఎడమచేయి తప్పితే వంతపాట కూడా తప్పుతుంది, అదీ అందరికీ వినబడేలా. నేనైతే హార్మనీని ఒకటి రెండు పాటలకే వాడతాను. మైకును కీబోర్డ్‌లో పెట్టను, నేరుగా మిక్సర్‌కి ఇస్తాను. రెండూ ఒకే తీగలో కలిసి వెళ్తే సౌండ్ చూసేవారు పాట పెంచబోయి వాద్యం కూడా పెంచేస్తారు. సౌండ్ మనిషి లేని చోట మాత్రం కీబోర్డ్ మైకు ఇన్‌పుట్ హాయి. మాట్లాడేటప్పుడు రివర్బ్ ఆపే బటన్ ఉందేమో చూసుకోండి. ప్రతిధ్వనిలో చెప్పిన ధన్యవాదాలు ఎవరికీ అర్థం కావు.

సొంత స్పీకర్లున్న కీబోర్డ్ ఇంట్లో సాధనకూ చిన్న గదికీ చాలు. యమహా జెనోస్ లాంటి పెద్దవాటిలో లోపల స్పీకర్లే ఉండవు. మిక్సర్ దూరంగా ఉంటే మధ్యలో డీఐ బాక్స్ (సిగ్నల్‌ను పొడుగు తీగకు అనువుగా మార్చే చిన్న పెట్టె) పెట్టండి, పొడుగు తీగలో హమ్ తగ్గుతుంది. సౌండ్ సిస్టమ్ మోనో అయితే ఎల్/మోనో జాక్ ఒక్కటే వాడండి. స్టీరియో పియానో మోనోలో కొన్నిసార్లు పల్చబడుతుంది, ముందే విని చూసుకోవడం మంచిది.

బరువు కాగితం మీద చిన్న విషయం. ఎస్‌ఎక్స్900 పదకొండు కిలోలు దాటుతుంది, దానికి కేసూ స్టాండూ కలపండి. మెట్లెక్కించేది మీరే అయితే రెండు మూడు కిలోల తేడాకూ విలువుంది. ఎక్స్ స్టాండ్ తేలికే కానీ కూర్చుని పాడేవాళ్ల మోకాళ్లకు తగులుతుంది.

పెడల్ రెండు పెట్టుకోండి: ఒకటి సస్టెయిన్ (వేలు తీసినా స్వరం మోగుతూ ఉండటానికి), ఇంకోటి తర్వాతి మెమరీకో ఫిల్‌కో. రెండో పెడల్ అలవాటయ్యాక మీ చూపు పూర్తిగా శ్రోతల మీదే ఉంటుంది. సస్టెయిన్ పెడల్ తలకిందులుగా పనిచేస్తే పాడైందనుకోకండి. కంపెనీలను బట్టి పోలారిటీ (నొక్కితే ఆన్ అవ్వాలా, ఆఫ్ అవ్వాలా అన్నది) మారుతుంది, సెట్టింగ్స్‌లో సరిచేయవచ్చు.

కొన్న రోజే ఆటో పవర్ ఆఫ్ తీసేయండి. యమహాలో మామూలుగా అరగంట ముట్టుకోకపోతే కీబోర్డ్ ఆరిపోతుంది, విరామంలో అంతసేపు ఇట్టే గడుస్తుంది. అడాప్టర్‌తో నడిచేదైతే రెండోది సంచిలో ఉండాలి. మెమరీలను యూఎస్‌బీలో దాచుకునేటప్పుడు విడిగా తెచ్చుకున్న స్టైల్స్‌నూ కాపీ చేయండి. రిజిస్ట్రేషన్‌లో ఉండేది స్టైల్ కాదు, దాని చిరునామా. ఫైల్ పేరు మార్చినా, ఫోల్డర్ మార్చినా ఆ పాట తెరుచుకోదు.