"భూమి ఎవరిది" లాంటి పెద్ద ప్రశ్నని పట్టుకునేదెలా

పెద్ద ప్రశ్నలతో చిక్కేంటంటే, ప్రశ్న వినకముందే మన దగ్గర జవాబు రెడీగా ఉంటుంది. ఆస్తి హక్కు గురించి నలుగురిలో ఎత్తి చూడండి, ఎవరు ఏ పార్టీయో అయిదు నిమిషాల్లో తేలిపోద్ది, ప్రశ్న మాత్రం కదలదు. అలా కాకుండా చరిత్రనీ తత్వశాస్త్రాన్నీ పక్కపక్కన పెట్టుకుని చదివితే కొంచెం ముందుకెళ్లొచ్చు, అదెలాగో ఒక్క ప్రశ్న తీసుకునే చెప్తా: భూమి కాగితం ఉన్నోడిదా, దున్నేవాడిదా?

ముందు ప్రశ్నకి ఒక ఊరూ ఒక సంవత్సరం తగిలించండి. "ఆస్తి న్యాయమా కాదా" అని కూర్చుంటే జీవితకాలం చాలదు, అదే "1940ల్లో పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పండించిన పంట ఎవరిది" అంటే పట్టు దొరుకుతుంది. ఆమె మల్లంపల్లి దొరల దగ్గర కౌలుకి తీసుకుని సేద్యం చేసింది, ఆ ప్రాంతంలో పెద్ద భూస్వామి విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు పంట ఎత్తుకెళ్లడానికి వచ్చారు, సంఘం (ఆంధ్ర మహాసభ) వాళ్లు అడ్డం పడ్డారు. ఇక్కడ పట్టా ఒకళ్లది, కష్టం ఇంకొకళ్లది, దౌర్జన్యం మూడో ఆయనది. మీ ప్రశ్నకి కావాల్సిన పాత్రలన్నీ ఉన్నాయి.

తర్వాత నినాదం కింద ఉన్న కారణాన్ని బయటికి లాగండి. "దున్నేవాడిదే భూమి" అంటాం కదా, ఎందుకు అతనిది? చెమటోడ్చాడు కాబట్టి అంటారు. సరే, చెమట పడితే సొంతం ఎలా అవుతుంది? ఈ వాదనని 17వ శతాబ్దంలోనే ఇంగ్లండ్ తత్వవేత్త జాన్ లాక్ గట్టిగా రాసిపెట్టాడు, మనిషి ఒళ్లు మనిషిదే, ఆ ఒంటితో చేసిన పనీ అతనిదే, ఆ పనిని ప్రకృతిలో కలిపితే అదీ అతనిదే, కాకపోతే మిగతావాళ్లకి కూడా సరిపడా మిగలాలి అని. యూట్యూబ్‌లో పది నిమిషాల వీడియోతో సరిపెట్టుకోకండి, "సెకండ్ ట్రీటీస్ ఆఫ్ గవర్నమెంట్" అనే పుస్తకంలో ఆస్తి మీద ఆయన రాసిన అధ్యాయం చిన్నదే, నెట్‌లో ఫ్రీగా దొరుకుద్ది, పెన్సిల్ పట్టుకుని చదవండి. అందులో 28వ పేరా దగ్గర ఆగండి. నా గుర్రం మేసిన గడ్డి, నా పనివాడు కోసిన గడ్డిపెళ్లలు, నేను తవ్విన ఖనిజం, ఇవన్నీ నా ఆస్తే అంటాడు. పనివాడు కోస్తే యజమానిది ఎలా అయింది? గుర్రంతో కలిపి ఒకే లెక్కలో పెట్టేశాడు! అంటే మనం దున్నేవాడి తరఫున వాడుకుందామనుకున్న వాదన, జీతగాడి కష్టం దగ్గరికొచ్చేసరికి దొరవైపు తిరిగిపోయింది. ఇలాంటి వాక్యం సారాంశాల్లో కనపడదు, అసలు పేజీ చదివితేనే దొరుకుద్ది.

ఇప్పుడు ఆ తత్వవేత్త ఏం ఉద్యోగం చేశాడో చూడండి. లాక్ అమెరికాలోని కరోలినా వలసప్రాంతం యజమానులకి సెక్రటరీగా పనిచేశాడు. సాగు చెయ్యని నేలంతా బీడు కిందే లెక్క అనే ఆయన మాట అక్కడ ఎవరికి పనికొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. అంతమాత్రాన వాదన తప్పని కాదు (చాలామంది ఇక్కడే పుస్తకం మూసేస్తారు, అది బద్ధకం), కాకపోతే దాన్ని మన ఏజెన్సీకి తెచ్చి పరీక్షించండి. పోడు చేసేవాళ్లు ఒక చెక్క కొన్నేళ్లు సాగుచేసి వదిలేసి ఇంకోచోటికి వెళ్తారు, వదిలేసిన చెక్క మైదానం వాడికి ఖాళీ భూమే. అందుకే కష్టం అనే కొలత ఒక్కటే పెట్టుకుంటే గిరిజనుడు ఓడిపోతాడు, 1/70 చట్టం కష్టాన్ని కొలవకుండా అసలు ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు అనే ఇంకో దారి పట్టింది.

ఎదుటి వాదన కూడా బలమైనదే ఎంచుకోండి, వాట్సాప్‌లో దొరికే చెత్త వాదనని కాదు. అమెరికా తత్వవేత్త రాబర్ట్ నోజిక్ ఆస్తిహక్కుని గట్టిగా సమర్థించేవాడే, అయినా లాక్‌ని ఇలా అడిగాడు: నా డబ్బా టమాటా రసం సముద్రంలో పోస్తే సముద్రం నాదైపోద్దా, లేక నా రసం నేను పారబోసుకున్నట్టా?

చరిత్ర వైపు జ్ఞాపకాలు చదివేటప్పుడు రాసినవాళ్లు ఎటువైపో చూసుకోండి. తెలంగాణ సాయుధ పోరాటం మీద కమ్యూనిస్టు నాయకులు సుందరయ్య గారూ రాశారు, రావి నారాయణరెడ్డి గారూ రాశారు, ఇద్దరూ ఒకే పోరాటంలో వాళ్లే, కానీ 1948 సెప్టెంబర్ పోలీసు చర్య తర్వాత కూడా ఆయుధం పట్టుకుని ఉండాల్సిందా అనే దగ్గర ఇద్దరికీ పడదు. ఆ పడని చోటే ఎక్కువసేపు ఉండండి.

చివరికి ప్రభుత్వ కాగితాలు, జనం వీటిని బోర్ అనుకుంటారు గానీ నాకైతే అసలు ఫిలాసఫీ అక్కడే ఉన్నట్టనిపిస్తుంది. పాత పహాణీ (ఊళ్లో ఏ భూమి ఎవరిదో, ఎవరు సాగుచేస్తున్నారో రాసే రికార్డు) ఒకటి తీసి చూడండి, పట్టాదారుకి ఒక కాలమ్, అనుభవదారుకి ఇంకో కాలమ్. కాగితం ఉన్నోడు, దున్నేవాడు, ఇద్దరినీ రాసేవాళ్లు. తెలంగాణలో భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చాక ఆ రెండో కాలమ్ పోయింది. 2018లో పెట్టుబడి సాయం పథకం రైతుబంధు మొదలైనప్పుడు సీజన్‌కి ఎకరాకి 4000 రూపాయలు పట్టాదారుకే వెళ్లాయి, కౌలురైతుకి రాలేదు. ఒక కాలమ్ ఉంచాలా తీసేయాలా అన్నది కూడా న్యాయం మీద నిర్ణయమే.

ఇదంతా అయ్యాక కౌలు గురించి ఊళ్లో ఇద్దరితో మాట్లాడండి. కౌలురైతుని కౌలు గుర్తింపు కార్డు ఎందుకు లేదని అడిగితే ఓనరు సంతకం పెట్టట్లేదంటాడు. ఓనరుని అడిగితే పెడితే భూమి పోద్దేమో అంటాడు. ఆ భయం ఊరికే రాలేదు, హైదరాబాద్ రాష్ట్రం 1950లో తెచ్చిన కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారులు (చట్టం రక్షణ ఇచ్చిన పాత కౌలుదారులు) కొందరికి ఆ చట్టంలోని 38-ఇ సెక్షన్ సర్టిఫికెట్లతో నిజంగానే భూమి మీద హక్కు వచ్చింది. కౌలుదారుని కాపాడ్డానికి తెచ్చిన చట్టం జ్ఞాపకమే ఇవాళ నోటిమాట కౌలుకి ఒక కారణం అవుతుందా, అయితే తర్వాతి చట్టం ఎలా రాయాలి? మీ తర్వాతి ప్రశ్న అక్కడ మొదలుపెట్టుకోవచ్చు.