పెరటి అవకాడో, నాలుగవ పాఠం: ఆకు కొస మాడినప్పుడు

మూడవ పాఠంలో అంటుమొక్కను ఎత్తైన మట్టిదిబ్బ మీద నాటి, చుట్టూ పాదు తీసి, ఎండాకులు పరవడం దాకా వచ్చాము. ఆ క్రమం తప్పకుండా పాటించినవారికి కూడా మొదటి వేసవిలోనే ఒక దిగులు ఎదురవుతుంది. నిన్నటి దాకా నిగనిగలాడిన ఆకు కొస గోధుమరంగుకు తిరుగుతుంది, ఆ రంగు అంచుల వెంట తొడిమ వైపు పాకుతుంది. బెంగళూరులో బటర్ ఫ్రూట్ అని పిలిచే ఈ చెట్టు ఉన్న ఏ ఇంట అడిగినా ఈ మాట వినిపిస్తుంది. చూసినవారందరికీ వెంటనే తోచేది నీళ్లు చాలలేదని. తోచిన వెంటనే రెండు బకెట్లు పోసేస్తారు. ఆ రెండు బకెట్లు పోయకముందు చేయవలసిన పరిశీలనే ఈ నాటి పాఠం.

మన ఊళ్లో అవకాడో ఆకు మాడడానికి అన్నింటికంటే ఎక్కువగా కనబడే కారణాలు రెండు. ఒకటి మట్టిలో లవణాలు పేరుకోవడం, రెండవది వేరు కుళ్లడం. మొదటిదానికి చికిత్స మంచినీటిని ధారాళంగా పోసి మట్టిని కడగడం. రెండవదానికి చికిత్స నీళ్లు ఆపి వేరుకు గాలి తగలనివ్వడం. ఒకదానికి మందైనది రెండవదానికి విషం కాబట్టి, ఏ రోగమో తేల్చుకోకుండా చేసే ఉపచారం కంటే పది రోజులు ఏమీ చేయకుండా ఊరుకోవడమే చెట్టుకు మేలు.

అవకాడో దాల్చినచెక్క, బిర్యానీ ఆకు చెట్ల కుటుంబానికి చెందినది. మధ్య అమెరికాలో, రాలిన ఆకులు మందంగా పరుచుకున్న నేలలో పెరిగిన జాతి కావడం వల్ల, దాని ఆహారపు వేళ్లలో ఎక్కువ భాగం పైనున్న జానెడు మట్టిలోనే ఉంటాయి. వాటికి మామిడి, జామ వేళ్లకు ఉన్నంతగా నీటిని పీల్చే సన్నని నూగు ఉండదు. అందువల్ల ఈ చెట్టు నీరు తక్కువైనా తట్టుకోలేదు, నీరు నిలిచినా తట్టుకోలేదు, ఆ నీటిలో ఉప్పు ఎక్కువైతే అసలే తట్టుకోలేదు. ఆకు మీద మనం చూసే మచ్చ చాలా సందర్భాల్లో వేరు దగ్గర జరిగినదానికి ఆలస్యంగా అందిన కబురు.

ఇప్పుడు ఆకును చదవడం నేర్చుకుందాము. చెట్టు ముందు నిలబడి మొదట చూడవలసినది మాడినవి పాత ఆకులా, కొత్త ఆకులా అన్నది. కొమ్మ మొదలు వైపు ఉన్న ముదురు ఆకుల కొసలు మాడి, చివరి చిగుళ్లు మాత్రం మామూలు సైజులో ఆరోగ్యంగా ఉంటే మొదటి అనుమానం లవణాల మీదికి పోవాలి. అటువంటి ఆకును చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూడండి. కొస నుంచి మొదలైన ఎండుభాగం పెళుసుగా, ముదురు గోధుమరంగులో ఉండి, పచ్చని భాగానికీ దానికీ మధ్య గీత గీసినట్లు స్పష్టమైన హద్దు కనబడుతుంది. కొన్ని ఆకుల్లో ఆ హద్దు వెంట సన్నని పసుపు చార కూడా ఉంటుంది. వేళ్లు పీల్చిన నీరు ఆకుల నుంచి ఆవిరైపోతుంది గాని, దానితో వచ్చిన ఉప్పులోని క్లోరైడు ఎక్కడికీ పోలేక ఆకు కొసలోనే పోగవుతుంది. పాత ఆకు ఎక్కువ కాలం పనిచేసింది కనుక ఎక్కువ ఉప్పు దాచుకుంది, అందుకే ముందుగా మాడింది.

అదే కొత్త ఆకులు చిన్నవిగా, పాలిపోయి, కిందికి వాలినట్లు ఉండి, గుబురు పలచబడి కొమ్మల సందుల్లోంచి ఆకాశం కనబడుతుంటే, కొమ్మల చివరలు ఎండుతుంటే, అది వేరు సంగతి. ఇక్కడ అందరినీ తప్పుదారి పట్టించే విషయం ఒకటుంది. మట్టి తడిగా ఉంటుంది, చెట్టు మాత్రం దాహంతో ఉన్నట్లు వాడిపోతుంది. తడి మట్టిలో వాడిన అవకాడో కనబడితే, నీళ్ల గొట్టం అక్కడే కింద పెట్టి వేరును చూడాలి.

మా వీధిలో అనంతపురం నుంచి వచ్చి స్థిరపడిన ఒక పెద్దాయన ఇంట్లో ఇటువంటి చెట్టునే చూశాను. నాలుగేళ్ల చెట్టు, నడుమెత్తు ప్రహరీ పక్కనే పల్లంలో నాటారు. "రెండు పూటలా పోస్తానే ఉండా నాయనా, ఐనా వాడిపోతాంది," అని ఆయన బాధపడ్డారు. "ఒకసారి ఎండాకులు తీసి చూద్దాం బాబాయ్," అని, మొదలుకు రెండడుగుల దూరంలో చేత్తోనే మట్టి తోడాను. నాలుగు వేళ్ల లోతులో పీచువేళ్లు దొరికాయి. ఆరోగ్యమైన అవకాడో పీచువేరు మీగడ రంగులో ఉండి, వంచితే వంగుతుంది. నాకు దొరికినవి నల్లగా ఉన్నాయి. బొటనవేలితో నొక్కగానే పై పొర తొడుగులా ఊడి, లోపలి సన్నని నార మాత్రం చేతిలో మిగిలింది. మట్టి మురుగు వాసన వేసింది. ఇక ఆకులు చూడవలసిన పని లేకపోయింది.

ఈ కుళ్లుకు ప్రపంచమంతటా అవకాడో రైతులు భయపడే కారకం ఫైటోఫ్తోరా సిన్నమోమి. దీనిని 1922లో సుమత్రాలో దాల్చినచెక్క చెట్ల మీద గుర్తించి వర్ణించారు, అందుకే దాని పేరులో దాల్చినచెక్క నిలిచిపోయింది. చూడడానికి శిలీంధ్రంలా ఉన్నా నిజానికి వేరే వర్గపు జీవి. దాని బీజాలు మట్టిలోని నీటిలో ఈదుకుంటూ వేరును చేరుతాయి. నీరు నిలవని చోట వాటికి దారి ఉండదు. చికిత్సలో మొదటి మెట్టు మందు కాదు, మురుగు పోవడానికి కాలువ అని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. పాదులో నీరు నిలవకుండా పల్లం వైపు గండి కొట్టాలి. పైనున్న జానెడు మట్టి సగం ఆరేదాకా నీళ్లు ఆపాలి. మొదలుకు తగలకుండా ఒక జానెడు వదిలి, చెక్కపొట్టు, ముతక కొమ్మ ముక్కలు, ఎండాకులు కలిపి నాలుగైదు అంగుళాల మందాన పరవాలి; ఇవి చివికేటప్పుడు పెరిగే సూక్ష్మజీవులు ఈ తెగులును అణచివేస్తాయి. పరుపు కింద పలచగా జిప్సం చల్లడం కూడా మేలు చేస్తుంది. ఆ తర్వాతే మందు. ఫోసిటైల్ అల్యూమినియం గాని, పొటాషియం ఫాస్ఫొనేట్ గాని వాడతారు. ఇవి చెట్టులో పైకీ కిందికీ ప్రవహించగల అరుదైన మందులు, అందుకే ఆకు మీద చల్లినా వేరుకు చేరుతాయి. మోతాదు, కోతకు ముందు ఆగవలసిన గడువు డబ్బా మీద చదివి అక్షరాలా పాటించండి. ఆకులు పూర్తిగా రాలిపోయిన చెట్టు మందును పీల్చుకోలేదు కాబట్టి, సగం గుబురైనా మిగిలి ఉండగానే మొదలుపెట్టాలి. పెద్దాయన చెట్టుకు కాలువ తీసిన తర్వాత కొత్త పీచువేళ్లు కనబడడానికి రెండు నెలలు పట్టింది.

ఇక లవణాల సంగతికి వస్తాను. బెంగళూరువారికి అసలు పాఠం ఇదే.

2024 మార్చిలో నీటి ఎద్దడి తీవ్రమైనప్పుడు, నగర జలమండలి తాగునీటిని తోటలకు వాడరాదని, వాడితే 5000 రూపాయల జరిమానా అని ప్రకటించింది. మా ఇంట్లో ఆ వేసవి అంతా ట్యాంకరు తెచ్చిన బోరు నీళ్లే సంపులో నిండాయి. ఒక్క చుక్క కూడా వృథా కాకూడదని, తాగునీటిని శుద్ధి చేసే ఆర్వో యంత్రం వదిలేసే నీటిని బకెట్లో పట్టి ప్రతి రోజూ అవకాడోకు పోశాను. మే నెల వచ్చేసరికి పాత ఆకులన్నీ కొస నుంచి మూడోవంతు దాకా మాడాయి. నేను చేసినది పొదుపే, కాని ఆ పొదుపు ఈ చెట్టుకు తగినది కాదు.

లెక్క చూడండి. యంత్రంలోకి వెళ్లే పది లీటర్ల నీటిలో లీటరుకు 600 మిల్లీగ్రాముల లవణాలున్నాయనుకుందాము. మూడు లీటర్లు శుద్ధి చేసి ఏడు లీటర్లు బయటికి వదిలితే, మొత్తం 6000 మిల్లీగ్రాములలో దాదాపు అంతా ఆ ఏడు లీటర్లలోనే ఉండిపోతుంది, అంటే లీటరుకు సుమారు 850. ఆ నీటిని రోజుకు ఒక బకెట్ చొప్పున పోస్తే, నీరు ఆవిరై పోతుంది, ఉప్పు జానెడు మట్టిలో పొర మీద పొరగా మిగిలిపోతుంది. కనకాంబరం, బొప్పాయి తట్టుకున్నంతగా అవకాడో తట్టుకోదు. తాగునీటికి భారత ప్రమాణం లీటరుకు 250 మిల్లీగ్రాముల దాకా క్లోరైడును అంగీకరిస్తుంది, కాని అవకాడోకు 100 దాటితేనే చిక్కు మొదలవుతుంది. మనిషి నిశ్చింతగా తాగగల నీరు ఈ చెట్టును మాడ్చగలదన్న మాట గుర్తుంచుకోవాలి. ఇంట్లో నీటిని మెత్తబరిచే యంత్రం ఉంటే ఆ నీటిని అసలు పోయవద్దు. అది సున్నాన్ని తీసి సోడియాన్ని పెడుతుంది.

నీటిలో కరిగిన లవణాలను కొలిచే, కొన్ని వందల రూపాయలకు దొరికే టీడీఎస్ మీటరు ఈ పాఠానికి పలక లాంటిది. కుళాయి నీరు, సంపు నీరు, ఆర్వో వదిలిన నీరు విడివిడిగా గ్లాసుల్లో పట్టి కొలిచి రాసుకోండి. లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉన్న నీటిని వాడుకోవచ్చు, అంతకు మించితే వర్షపు నీటితో కలిపి వాడాలి. మీటరు మొత్తం లవణాలను చూపుతుంది గాని అందులో క్లోరైడు ఎంతో చెప్పదు. అది తెలియాలంటే నీటి పరీక్షశాలకు పంపించాలి.

కడగడం ఎలాగో చెబుతాను. ముందుగా పాదు పక్కన అడుగు లోతు గుంట తీసి నీళ్లు నింపండి. రెండు మూడు గంటల్లో ఇంకిపోతే ముందుకు సాగవచ్చు. సాయంత్రానికి కూడా నిలిచి ఉంటే కడగవద్దు, కడిగితే ఉప్పు రోగం కుళ్లు రోగంగా మారుతుంది. ఒక మీటరు వెడల్పు పాదుకు 200 నుంచి 250 లీటర్ల మంచినీరు కావాలి. ఒక్కసారిగా కుమ్మరించకుండా, ఒకే రోజున నాలుగైదు విడతలుగా, ప్రతి విడతా ఇంకిన తర్వాతే తరువాతిది పోయాలి. సగం కోసిన డ్రమ్ములో పెంచేవారికి పని మరింత తేలిక. డ్రమ్ము అడుగు రంధ్రం కింద గ్లాసు పెట్టి, కారే నీటిని మీటరుతో కొలుస్తూ పోయండి. మా డ్రమ్ము మొక్కకు మొదటి గ్లాసు 2100 చూపింది, ముదురు టీ రంగులో ఉంది. ఆరవ బకెట్ తర్వాత 520కి దిగి, నీరు తేటబడింది. పోసే నీటి అంకెకు కారే నీటి అంకె దగ్గరపడితే ఆపవచ్చు.

ఈ మంచినీరు వేసవిలో ఎక్కడి నుంచి వస్తుందని అడుగుతారు. ఏప్రిల్, మే నెలల మామిడి జల్లులను పట్టుకోండి. వంద చదరపు మీటర్ల డాబా మీద 10 మిల్లీమీటర్ల వాన కురిస్తే వెయ్యి లీటర్లు; దుమ్ముతో వచ్చే మొదటి నీటిని వదిలేసినా రెండు చెట్లను కడగడానికి సరిపోతుంది. వాన నీటిలో లవణాలు లేవనే చెప్పవచ్చు. ఆ తర్వాత రోజూ చెంబెడు పోసే అలవాటు మానుకుని, నాలుగైదు రోజులకు ఒకసారి వేళ్ల లోతు దాటి ఇంకేలా పోయాలి.

ఎరువు విషయంలో ఒక జాగ్రత్త. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ అంటే పొటాషియం క్లోరైడే. కడిగిన ఉప్పును మళ్లీ సంచితో తెచ్చి వేసినట్లవుతుంది. పొటాష్ కావాలంటే సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడండి. కొత్త చిగుళ్లు వచ్చేదాకా ఏ రసాయన ఎరువూ వద్దు, బాగా చివికిన పశువుల ఎరువు పలచగా చాలు. జిప్సం సోడియాన్ని మట్టి నుంచి విడదీస్తుంది గాని క్లోరైడును కదిలించేది నీరొక్కటే.

మిగిలిన కారణాలను త్వరగా చూసి ముగిస్తాను. పడమటి ఎండ తగిలే వైపున మాత్రమే ఆకు నడిమధ్యన పాలిపోయిన పెద్ద మచ్చలు వచ్చి మాడితే అది ఎండదెబ్బ. కొమ్మలు కత్తిరించాక, లేదా కుండీని నీడ నుంచి డాబా మీదికి మార్చాక వస్తుంది. ఆ వైపు పలచని నీడవల కట్టి, బోదెకు సున్నం పూయాలి. ఆకు పైభాగాన ఈనెల వెంట రాగి రంగు కమ్ముకుంటే, ఆకు కింద తెల్ల కాగితం పట్టి తట్టండి. కదిలే చుక్కలు రాలితే ఎర్రనల్లి. నీటిని బలంగా చిమ్మి రెండు మూడు రోజులకోసారి కడిగితే చాలావరకు పోతుంది. ఎరువు వేసిన వారంలోపే చెట్టంతా మాడితే ఎరువు ఎక్కువైంది, దానికీ చికిత్స కడగడమే. పూతకు ముందు ఏడాది నిండిన ఆకులు గోధుమరంగుకు తిరిగి రాలడం మాత్రం రోగం కాదు, వాటిని అలాగే పాదులో పడనివ్వండి.

మాడిన భాగం తిరిగి పచ్చబడదు. అయినా సగం పచ్చగా ఉన్న ఆకును కోయవద్దు, ఆ సగం ఇంకా చెట్టుకు అన్నం పెడుతోంది. మీ చికిత్స ఫలించిందా లేదా అన్నది తరువాతి చిగురు ముదిరాక దాని కొసను చూసి తేల్చుకోవాలి, అందుకు రెండు మూడు నెలలు పడుతుంది.

అయిదవ పాఠానికి ముందు చేయవలసిన అభ్యాసం ఇది. చెట్టుకు నాలుగు వైపుల నుంచి ఒక్కొక్క పాత ఆకు, ఒక్కొక్క ముదిరిన కొత్త ఆకు కోసి, పాత నోటుపుస్తకంలో వరుసగా అంటించి, మాడిన పొడవును స్కేలుతో కొలిచి తేదీతో రాయండి. పక్కనే మూడు రకాల నీళ్ల మీటరు అంకెలు, గుంటలో నీరు ఇంకడానికి పట్టిన సమయం, పీచువేరు రంగు రాయండి. ఆ పుటను దగ్గర పెట్టుకునే అయిదవ పాఠంలో కొమ్మల కత్తిరింపు మొదలుపెడదాము.