ఏళ్లుగా పక్కన పడేసిన స్ప్లెండర్ స్టార్ట్ అవ్వట్లేదా? బోర్ జోలికి వెళ్లకముందు ఇవి చూడండి

ఊళ్లో వసారాలోనో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనో ఏడాదీ రెండేళ్లూ కదలకుండా ఉండిపోయిన పాత హీరో హోండా స్ప్లెండర్ గురించి రాస్తున్నా, 1994లో వచ్చిన 97.2 సీసీ కార్బరేటర్ బండి, అదే కంపెనీ సీడీ 100 బండి ఉన్నవాళ్లకీ దాదాపు ఇదే పనికొస్తుంది. ఇలాంటి బండిని షెడ్డుకి తోసుకెళ్తే చాలా చోట్ల మొదట వినపడే మాట "బోర్ పోయిందన్నా, ఇంజన్ దించాలి" అని (బోర్ అంటే పిస్టన్ పైకీ కిందకీ ఆడే సిలిండర్ లోపలి గోడ). దయచేసి వెంటనే ఒప్పుకోకండి. ఆపేనాటికి బాగానే నడిచిన బండి నిలబడినంత మాత్రాన బోర్ అరగదు, పాడయ్యేది ముందు పెట్రోల్, ఆ తర్వాత అది నిల్వ ఉన్న కార్బరేటర్, అంటే పెట్రోల్‌నీ గాలినీ కలిపి ఇంజన్‌కి పంపే భాగం.

కిక్ కొట్టకముందే చేయాల్సినవి

ట్యాంకులో పాత పెట్రోల్ మొత్తం ఒక పారదర్శకమైన సీసాలోకి దించండి. కాసేపు కదపకుండా పెట్టి చూస్తే అడుగున వేరే పొర కనపడిందంటే అది నీళ్లు కలిసినట్టు, ఇప్పుడు మన పెట్రోల్‌లో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది కదా, అది గాల్లో తేమని లాక్కుని మరీ ఎక్కువైతే విడిపోయి కిందకి దిగుతుంది, ట్యాంకు తుప్పు పట్టేది కూడా దాంతోనే. పెయింట్ డబ్బా మూత తీసినట్టు వాసన వస్తే ఆ పెట్రోల్ ఇక పనికిరాదు, కొత్తదాంట్లో కలిపి వాడేద్దాం అనుకోవద్దు. పెట్రోల్ పైపు గట్టిపడి పగుళ్లు కనిపిస్తే అది కూడా మార్చేయండి, ఖర్చు పెద్దగా ఉండదు.

తర్వాత స్పార్క్ ప్లగ్ విప్పి ఆ రంధ్రంలో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలేయండి. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు పొడిగా ఉండగా గట్టిగా కిక్ కొడితే సిలిండర్ గోడ మీద గీతలు పడతాయి, ఈ ఒక్క పని చేయక మంచి బోర్లు పాడైపోతుంటే చూడలేకపోతున్నా. ఆయిల్ డిప్‌స్టిక్ కూడా తీసి చూడండి, ఆయిల్ పాల కాఫీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టే, మార్చకుండా స్టార్ట్ చేయొద్దు.

కిక్ అసలు కిందకి దిగట్లేదు

రింగులు సిలిండర్‌కి పట్టేసి ఉంటాయి. కిక్ మీద ఎక్కి తొక్కొద్దు, లోపల పళ్లు విరుగుతాయి. ఆయిల్ పోసి రెండు మూడు రోజులు నాననిచ్చి, ప్లగ్ బయటే ఉంచి, టాప్ గేర్ వేసి బండిని ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపండి. చాలావరకు వదులుతుంది.

కిక్ దిగుతోంది కానీ ఉలుకూ పలుకూ లేదు

కొత్త పెట్రోల్ పోసి, ట్యాప్ ఆన్ చేసి, చోక్ వేసి కొన్ని కిక్కులు కొట్టాక ప్లగ్ విప్పి చూడండి. పొడిగా ఉంటే పెట్రోల్ రావట్లేదు, ట్యాప్ దగ్గర జల్లెడో కార్బరేటరో మూసుకుపోయింది. తడిగా ఉంటే పెట్రోల్ వస్తోంది, స్పార్క్ చూడాలి. ప్లగ్‌ని క్యాప్‌లో పెట్టి, దాని మర భాగం ఇంజన్ హెడ్‌కి ఆనించి కిక్ కొట్టాలి, అయితే చుట్టూ పెట్రోల్ చిందకుండా ప్లగ్ రంధ్రానికి దూరంగా పెట్టి చేయండి, నిప్పంటుకుంటుంది. నీలం రంగులో టప్ మని పడితే బాగున్నట్టు. పడకపోతే కొత్త ప్లగ్ వేసి చూడండి, గ్యాప్ 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు. అప్పటికీ లేకపోతే కీ స్విచ్ నుంచి సీడీఐకి (స్పార్క్‌ని సరైన క్షణంలో పంపే ఎలక్ట్రానిక్ డబ్బా) వెళ్లే వైర్ విడదీసి మళ్లీ చూడండి, ఇప్పుడు స్పార్క్ వస్తే లోపం స్విచ్‌లోనే. బ్యాటరీ చచ్చిపోయిందని కంగారు అక్కర్లేదు, ఈ పాత మోడల్‌లో స్పార్క్‌కి కరెంట్ మ్యాగ్నెట్ కాయిల్ నుంచే వస్తుంది.

చోక్ మీద స్టార్ట్ అవుతుంది, చోక్ తీస్తే ఆగిపోతుంది

ఎక్కువగా వచ్చే కంప్లయింట్ ఇదే, కారణం కూడా దాదాపు ప్రతిసారీ ఒకటే, స్లో జెట్ (కార్బరేటర్‌లో ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోల్ వదిలే సన్న రంధ్రం ఉన్న చిన్న ముక్క) మూసుకుపోవడం. కార్బరేటర్ కింది గిన్నె విప్పితే అడుగున పచ్చగా పసుపుగా బంకలాంటిది అంటుకుని ఉంటుంది, ఎండిపోయిన పెట్రోల్ అది. స్లో జెట్ విప్పి ఎండకేసి పట్టుకుని ఒక కన్నుతో చూడండి, సూదిమొనంత వెలుతురు చుక్క గుండ్రంగా కనపడాలి. కనపడకపోయినా సగమే కనపడినా కార్బరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి నాననిచ్చి, కరెంటు వైర్ లోపలి సన్న రాగిపోగు ఒకటి దూర్చి మెల్లగా తీయండి. ఇనుప సూది, పిన్నీసు అసలు పెట్టొద్దు, రంధ్రం పెద్దదైతే ఆ జెట్ ఇక పనికిరాదు. గాలి పాళ్లు సరిచేసే ఎయిర్ స్క్రూ విప్పేముందు దాన్ని లోపలికి బిగిస్తూ ఎన్ని చుట్లు తిరిగిందో గుర్తుపెట్టుకుని విప్పండి, మళ్లీ అంతే పెట్టాలి.

బిగించాక ఓవర్‌ఫ్లో పైపులోంచి పెట్రోల్ కారుతుంటే గిన్నె నిండాక పెట్రోల్ రాకుండా ఆపే ఫ్లోట్ నీడిల్ ఇరుక్కున్నట్టు, స్క్రూడ్రైవర్ పిడితో గిన్నె మీద మెల్లగా తడితే ఒక్కోసారి సర్దుకుంటుంది, లేదంటే నీడిల్ మార్చాలి.

స్టార్ట్ అయింది, పికప్ లేదు, నల్ల పొగ

ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరవండి. ఎలుకలు గుడ్డపీలికలూ ఎండుగడ్డీ కుక్కి ఉంటాయి, సైలెన్సర్ మూతిలో కందిరీగలు మట్టిగూడు కట్టి ఉండొచ్చు కూడా. ఫిల్టర్ మార్చేయడమే మంచిది, దులిపి పెడితే ముక్కలు కార్బరేటర్‌లోకి పోతాయి.

కొంచెం దూరం పోయి ఆగిపోతోంది, కాసేపాగి మళ్లీ స్టార్ట్ అవుతోంది

ట్యాంకు మూతలో గాలి రంధ్రం మూసుకుపోయింది. ఆగిన వెంటనే మూత తీయండి, బుస్ మని గాలి లోపలికి పోయి బండి స్టార్ట్ అయితే ఇదే.

గేర్ వేయగానే గెంతి ఆగిపోతుంటే క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అంటుకున్నాయి, ఇంజన్ వేడెక్కాక ఆపేసి, గేర్‌లో పెట్టి క్లచ్ పట్టుకుని ముందుకీ వెనక్కీ తోయండి, విడిపోతాయి.

ఇక పొగ సంగతి. మొదట్లో తెల్ల పొగ వస్తే భయపడకండి, మనం పోసిన ఆయిలూ సైలెన్సర్‌లో తేమా కాలిపోతున్నాయంతే. బాగా వేడెక్కి, కొన్నాళ్లు తిరిగాక కూడా నీలం పొగ ఆగకుండా వస్తూ, డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గిపోతూ ఉంటే రింగులో వాల్వ్ సీళ్లో పోయినట్టు. అప్పుడు కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి) చెక్ చేయించి, సిలిండర్ విప్పాక లోపలి గీతలు మీ కళ్లతో చూసి, ఆ తర్వాతే బోర్‌కి ఒప్పుకోండి.